సూదిలో దారం ఎక్కించేంతసేపు

ఫిబ్రవరి 2

అక్కకు,

నేను క్షేమం అని మొదలుపెడితే అబద్ధమవుతుంది. మెడ తప్ప మిగతా నేనంతా క్షేమం. నువ్వూ, నీ కిటికీ పక్క కుర్చీ, నీ సూదుల డబ్బా కులాసాగా ఉన్నారనుకుంటాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అని ఇక్కడ అందరూ అంటారు. మా అక్క ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో బట్టల చిరుగులు రఫూ చేసుకుంటూ మాట్లాడీ మాట్లాడీ మెడ పట్టేసేలా చేసుకుందనీ, పన్నెండేళ్ళ కిందట డాక్టరమ్మ ఆ ఫోను మాన్పించిందనీ చెబితే నవ్వుతారు. ఆ పుణ్యాన మనకి ఉత్తరాలు మిగిలాయి.

నా పని సంగతి. ఇది ఆసుపత్రిలో మెడకీ వెన్నుకీ దెబ్బ తగిలినవాళ్ళ వార్డు. పొడుగాటి గది, అటు పన్నెండు మంచాలు, ఇటు పన్నెండు. మరమ్మతుల కోసం ఖాళీ చేశారు. ఇక్కడికి వచ్చినవాళ్ళు నెలల తరబడి వెల్లకిలా పడుకుంటారు, వాళ్ళకి కనబడేది కప్పొక్కటే. ఆ కప్పు మీద ఏదైనా వెయ్యమని నన్ను పిలిచారు. ఏం వెయ్యాలని హెడ్ నర్సుని అడిగాను. మీ ఇష్టం అంది. ముప్పయ్యేళ్ళుగా దుకాణాల బోర్డులూ, నాటకాల తెరలూ వేశాను. గీతలు ఎవరివో, రంగు మాత్రం నాది. మీ ఇష్టం అనే మాట నాతో అన్నవాళ్ళు ఇంతవరకూ లేరక్కా. ఆ రోజు బసకి నడిచి వెళ్ళాను, బస్సెక్కాలని కూడా తోచలేదు.

ఆకాశం వేస్తున్నాను. ఒక చివర తెల్లవారుతూ ఉంటుంది, రెండో చివర పొద్దు వాలుతూ ఉంటుంది. మధ్యలో రోజంతా ఉంటుంది. పరంజా మీద నిలబడి తల వెనక్కి వాల్చి బ్రష్ ఆడిస్తుంటే, కాసేపటికి కింద నేల ఉందన్న సంగతే మరిచిపోతాను. మబ్బు నేను వేస్తున్నానో, అదే నా చెయ్యి పట్టుకుని వేయిస్తోందో తెలియదు.

చిక్కల్లా మెడతోనే. వారం నుంచి కర్రలా బిగుసుకుపోయింది. చొక్కా బొత్తాలు పెట్టుకోవాలంటే అద్దం కావాలి. మార్చి ఇరవై అయిదున మంచాలు వెనక్కి వస్తాయి. అప్పటికి పూర్తవ్వాలి. ఇక్కడ ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఉంది, అడిగితే చెబుతుంది, కానీ నా మెడ సంగతి తెలిసిన మరుక్షణం నన్ను పరంజా దింపేస్తారు. నీకు డాక్టరమ్మ నేర్పిన వ్యాయామాలు ఉన్నాయి కదా, అవి రాసి పంపు. గుట్టుగా చేసుకుంటాను.

నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 7

పిచ్చుకకు అక్క ఆశీస్సులు.

ఎక్కడ ఎత్తు కనబడితే అక్కడ వాలేవాడివని పెట్టిన పేరు, యాభై ఒకటో ఏట కూడా సార్థకం చేసుకుంటున్నావు. నీ ఉత్తరం దుకాణంలోనే చదివాను. మా పక్కన ఇస్త్రీ చేసే ఆయన ఏమిటండీ నవ్వుతున్నారు అన్నాడు. నవ్వలేదు, నీ మీద కోపమొస్తే నా మొహం అలా ఉంటుంది. పక్కనే వైద్యం తెలిసిన పిల్లని పెట్టుకుని, ఇంత దూరం నాకు రాస్తావా? కానీ నీ ఇష్టం అన్నారని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర కోపం పోయింది. ఆ కప్పు నువ్వే పూర్తి చెయ్యాలి.

సరే, రాస్తున్నాను. ముందు గోరువెచ్చటి నీళ్ళలో తువ్వాలు తడిపి, పిండి, మెడ వెనక వేసుకో. బిగుసుకున్న బట్ట మీద సూది దించకూడదు, ముందు మెత్తబడనివ్వాలి. తరవాత వెన్ను నిటారుగా పెట్టి కూర్చో. భుజాలు రెండూ చెవుల దాకా ఎత్తి, వెనక్కి తిప్పి, కిందికి వదిలెయ్. అలా పదిసార్లు. గడ్డాన్ని పైకీ కిందికీ పోనివ్వకుండా తిన్నగా వెనక్కి లాగు. రెండు గడ్డాలు వస్తాయి, సిగ్గుపడకు, ఎవరూ చూడరు. కుడి చెవిని కుడి భుజం వైపు వంచు, భుజాన్ని మాత్రం పైకి తేవద్దు. తరవాత ఎడమ. ఎవరో వెనక నుంచి పిలిచినట్టు మెల్లగా పక్కకి తిరుగు, రెండో పక్కకీ తిరుగు. చివర్న గడ్డం గుండెకి ఆనించు. ఎక్కడైనా నొప్పి పుడితే అక్కడ ఆగిపో, చేతుల్లోకి తిమ్మిరి దిగితే మానెయ్.

వంచిన ప్రతిసారీ కాసేపు అలాగే ఉంచాలి. ఎంతసేపంటే, డాక్టరమ్మ ఏవో అంకెలు చెప్పింది కానీ నాకు అంకెలు సరిపడవు. రోజంతా పోగులు లెక్కపెట్టేదాన్ని, మధ్యలో ఇంకో లెక్క దూరితే రెండూ చెడతాయి. అందుకని మొదటి రోజునుంచీ నాకొక కొలత. సూదిలో దారం ఎక్కించేంతసేపు ఉంచు, అంతే. నేను అలాగే చేస్తాను. తల వంచి, సూదిలో దారం ఎక్కించి, తల ఎత్తుతాను. వ్యాయామానికి వ్యాయామం, పనికి పని.

పన్నెండేళ్ళలో ఒక్క రోజు మానలేదు. అయినా ఈ రెండేళ్ళుగా నా మెడ మళ్ళీ మొండికేస్తోంది. కుర్చీ మార్చాను, దిండు మార్చాను, కిటికీ సందులో గుడ్డలు కుక్కాను. లాభం లేదు. ఇప్పుడు రోజుకి రెండు పూటలా చేస్తున్నాను. వయసు కాబోలు. నువ్వు నాకన్నా ఏడేళ్ళు చిన్నవాడివి, నీకు గుణం కనబడుతుంది.

నీ అక్క

*

ఫిబ్రవరి 12

అక్కకు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే పైకెక్కుతున్నాను. పనివాళ్ళు భోజనానికి వెళ్ళాక, పరంజా మీద కూర్చుని మొదలుపెడతాను. భుజాలు తిప్పడం హాయిగా ఉంది. గడ్డం వెనక్కి లాగితే మెడలో ఎక్కడో తలుపు గడియ తీసినట్టు చిన్న చప్పుడైంది. నువ్వు నిజంగా గొప్పదానివి.

నీ కొలత మాత్రం కొరుకుడు పడటం లేదు. బొత్తాలు కుట్టుకునే సూదీ దారం నా సామాన్లలో ఉంది. అది పట్టుకుని, కుడి చెవి భుజం వైపు వంచి, దారం ఎక్కించబోయాను. తల వాలితే సూది కన్ను కూడా వాలుతుంది. ఎదురుగా కప్పు మీద నా మబ్బులు పక్కకి ఒరిగి, ఒక దాని మీంచి ఒకటి జారిపోతున్నట్టు కనబడ్డాయి. వాటిని చూస్తూ కూర్చుంటే దారం సంగతే గుర్తులేదు. చివరికి ఎక్కింది, కానీ అప్పటికి కిటికీలోంచి పడే ఎండ ఒక పలక మీంచి పక్క పలక మీదికి జరిగింది. ఇంకో పక్కకి ఇంకా ఎక్కువ పట్టింది.

ఇంతసేపు ఉంచాలా అక్కా? ఇది వ్యాయామమా, తపస్సా? మెడ కాస్త నొప్పిగానే ఉంది. నువ్వు పన్నెండేళ్ళుగా చేస్తున్నావు కాబట్టి నోరు మూసుకుని చేస్తున్నాను. పద్నాలుగు మంచాల మేర ఆకాశం అయింది. మధ్యాహ్నం దాటి సాయంత్రం వైపు వస్తున్నాను.

నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 16

పిచ్చుకకు,

చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పమంటే కడుపునొప్పి అనేవాడివి, ఇప్పుడు మెడనొప్పి అంటున్నావు. సాకులు నా దగ్గరా? సూదిలో దారం ఎక్కించడం కూడా ఒక పనేనా, కళ్ళు మూసుకుని ఎక్కిస్తాను నేను. నీ చేతులకి బద్ధకం. మొదట్లో కాస్త నొప్పి ఉంటుంది, బట్ట కూడా సాగదీస్తే కిర్రుమంటుంది. చెప్పింది చెప్పినట్టు చెయ్యి, మధ్యలో వదలకు.

ఇక్కడ ఒక పాత శాలువా వచ్చింది, అరచెయ్యంత చిరుగు. దాని అంచు లోపలి మడతలోంచే పోగులు లాగి, ఆ చిరుగు మీద నేస్తున్నాను. అదే బట్ట, అదే రంగు, అదే వయసు దారం. వేరే దారం ఎంత మంచిదైనా ఇట్టే పట్టిచ్చేస్తుంది. పూర్తయ్యాక శాలువా యజమానురాలు చిరుగెక్కడో తనే వెతుక్కోవాలి, అప్పుడే నా పని పని. నీకు చెప్పి ఏం లాభం, నీది గోడలంత పని.

నీ అక్క

*

ఫిబ్రవరి 22

పూజ్యులైన అక్కగారి పాదములకు నమస్కరించి వ్రాయునది.

తమ దయవలన ఇచ్చట నేను కుశలముగా ఉన్నాను. పని ఒత్తిడి వలన నా చేతితో వ్రాయుటకు వీలుపడక మరొకరిచేత వ్రాయించుచున్నాను. కావున తమరు కంగారుపడవలదు.

నాలుగు దినములుగా నేను విశ్రాంతి తీసుకొనుచున్నాను. ఇచ్చట నన్ను కంటికి రెప్పలా చూసుకొనే మనిషి ఒకరు దొరికారు. ఉదయమే వచ్చి నా తల దువ్వి, మొహము తుడిచి, టీ చల్లార్చి తాగిస్తారు. సాయంకాలము కబుర్లు చెప్తారు. వారి మాటలు వింటూ పడుకుని నా ఆకాశమును చూస్తూ ఉంటే, ఇన్నాళ్ళూ ఏ తొందరలో బ్రతికానో నాకే అర్థము కాకున్నది. నా చూపు ఇక అటూ ఇటూ పోవుట లేదు.

తమ ఆరోగ్యము జాగ్రత్త. వ్యాయామములు కొన్నాళ్ళు తగ్గించుకొనవలసినదిగా కోరుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడైన తమ్ముడు

*

ఫిబ్రవరి 26

తమ్ముడికి,

పాదములకు నమస్కరించి అని నువ్వు రాయించిన ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. ఆ అక్షరాలు ముత్యాలు పేర్చినట్టున్నాయి. ఇస్త్రీ ఆయనకి చూపించాను. ఇంత ఓపికైన చేతిరాత మగవాళ్ళకి రాదండీ అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

తల దువ్వుతుంది, మొహం తుడుస్తుంది, టీ చల్లార్చి ఇస్తుంది, పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంది. నీ చూపు అటూ ఇటూ పోవడం లేదు. ఇంకేం రాయాలిరా? నేనేమైనా పసిదాన్నా? నర్సా, ఆ ఫిజియో అమ్మాయా? మరీ చిన్నది అయితే మాత్రం నేను ఒప్పుకోను, ముందే చెబుతున్నాను.

నిజం చెప్పనా, మొదట ఏడ్చాను. సంతోషానికే. అమ్మ పోయాక నిన్ను ఒక ఇంటివాణ్ణి చెయ్యలేకపోయానని నాకు లోపల్లోపల ఉండేది. తరవాత కోపమొచ్చింది. ఇంత సంగతి సొంత చేత్తో రెండు ముక్కలు రాయలేకపోయావా? ఆవిడ చేతే రాయిస్తావా? నాకు పరిచయం చెయ్యడం అలాగనుకున్నావు కాబోలు. ఆవిడ పెద్దవాళ్ళంటే గౌరవం ఉన్న మనిషని తెలుస్తూనే ఉంది. వ్యాయామాలు తగ్గించుకోమని నా గురించి కూడా రాసింది, మంచి మనసు.

కప్పు సంగతి ఒక్క ముక్క లేదు. ప్రేమలో పడి పని ఎగ్గొట్టకు. మార్చి ఇరవై అయిదు ఎంతో దూరంలో లేదు.

ఆవిడకి ఏ రంగు ఇష్టమో అడిగి రాయి.

అక్క

*

మార్చి 3

అక్కా,

ఇది పెన్సిలుతో రాస్తున్నాను. వెల్లకిలా పడుకుని, అట్టముక్క మొహం పైన పట్టుకుని రాస్తే పెన్నులో సిరా దిగదు. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. నీ ఉత్తరం చదివాక ఇంకా దాచితే పాపం తగులుతుంది.

ఆ ముత్యాల్లాంటి అక్షరాలు ఆసుపత్రి బార్బరువి. ఆయనకి అరవై దాటాయి, చెవుల దాకా మీసాలు. నువ్వు రాసింది చదివి వినిపించింది కూడా ఆయనే. చదువుతూ చదువుతూ ఆగి, నాకిష్టమైన రంగు నీలం అని చెప్పమన్నాడు. ఆ పాదములూ కావునలూ ఆయనవే. నేను మామూలు మాటల్లోనే చెప్పాను. ఉత్తరమంటే మర్యాదగా ఉండాలి అని ఒప్పుకోలేదు.

జరిగింది చెబుతాను, ఏడవకు. పద్దెనిమిదో తారీఖున నీ ఉత్తరం వచ్చింది. చెప్పింది చెప్పినట్టు చెయ్యమన్నావని, ఎడమ చెవి వంచి సూది పట్టుకుని కూర్చున్నాను. దారం ఎక్కదు. ఎక్కేదాకా తల ఎత్తకూడదని పంతం పట్టాను. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఎదురుగా సాయంత్రం రంగు తడితడిగా మెరుస్తోంది, నేను దాంట్లోకి నడిచి వెళ్తున్నట్టు ఒక కల లాంటిది వచ్చింది. తీరా దారం ఎక్కింది. తల ఎత్తబోతే రాలేదు. చెవి భుజానికి అతుక్కుపోయింది. కేకేశాను. కారిడార్లో ఎవరికో గడ్డం గీస్తున్న బార్బరు కత్తి పక్కన పెట్టి పరుగున వచ్చాడు. నలుగురు కలిసి నన్ను పటం దించినట్టు దించారు. ఆ వార్డులోనే ఒక మంచం వేసి పడుకోబెట్టారు. మెడకి పట్టీ వేశారు. అప్పటినుంచి నా ఆకాశం కిందే ఉన్నాను.

ఫిజియో అమ్మాయి ఎవరు నేర్పారని అడిగింది. నీ ఉత్తరం చూపించాను. వ్యాయామాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయండీ, ఉంచాల్సింది మాత్రం అయిదు అంకెలు లెక్కపెట్టేంతసేపు అంది. అయిదంటే అయిదే. నువ్వు భయపడతావనీ, నీ మీదే తప్పు వేసుకుంటావనీ నీకు రాయలేదు. అది నా పొరపాటు.

మెడ మెల్లగా తిరిగొస్తోంది. ఇంకో మూడు వారాలు పరంజా ఎక్కడానికి వీల్లేదన్నారు. ఇరవై మంచాల మేర అయింది. సాయంత్రం చివర నాలుగు మంచాలు మిగిలాయి. హెడ్ నర్సు మంచి మనిషే, కానీ తేదీ ఆవిడ చేతుల్లో లేదు. మిగిలినంత మేర తెల్లసున్నం కొట్టించేస్తాం, ఏం పర్వాలేదు అంది. ఏం పర్వాలేదట. ఇరవై మందికి ఆకాశం, ఆ నలుగురికి సున్నం. రేపు అక్కడ పడుకున్న మనిషి, తన దాకా వచ్చేసరికి ఆకాశం అయిపోయిందని అనుకోడూ? పగలంతా ఆ తెల్లటి ముక్కనే చూస్తున్నాను. జీవితంలో ఒక్కటి నా ఇష్టప్రకారం వేశాను, అది కూడా సగంలో ఆగింది. బాధగా ఉందక్కా.

ఇంకో మాట. నలభై దాటినప్పటి నుంచీ నేను దగ్గరివి సరిగ్గా చూడలేను, అందుకే నాకు అంతసేపు పట్టింది. నీకెంతసేపు పడుతుంది? ఊరికే చెప్పకు, గడియారం చూసి చెప్పు.

తమ్ముడు

*

మార్చి 7

పిచ్చుకకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు పని చెయ్యలేదు. నిన్ను మంచాన పడేసింది నేనే. సాకులన్నాను, బద్ధకమన్నాను, మధ్యలో వదలకన్నాను. ఆ మాటలు వెనక్కి తీసుకునే దారి ఉంటే బాగుండు.

తరవాత నువ్వడిగింది చేశాను. ఇస్త్రీ ఆయన్ని గోడగడియారం ముందు నిలబెట్టి లెక్కపెట్టమన్నాను. సూది తీసుకుని, దారం కొస తడిపి, ఎప్పటిలా తల వంచాను. ఆయన ఇరవై అన్నాడు, ముప్పై అన్నాడు. నలభై దగ్గర ఆయన గొంతు చిన్నదైంది. నలభై ఎనిమిదికి ఎక్కింది. గాలి వచ్చిందేమో, ఇంకోసారి చూద్దామండీ అన్నాడు, మంచివాడు. ఇంకోసారి యాభై రెండు.

నాకు తెలియనే తెలియలేదురా. అయిదు అంకెల్లో ఎక్కించే మనిషినే ఇంకా అనుకుంటూ ఉన్నాను. రోజుకి ఇంత, రోజుకి ఇంత ఎక్కువ పడుతూ వచ్చింది కాబోలు. ఎవరూ లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టనని మొదటి రోజే ఒట్టేసుకుని కూర్చున్నాను కదా. రెండేళ్ళుగా నా మెడని నేనే పూటపూటా యాభై అంకెల సేపు మెలిపెడుతూ, కుర్చీనీ దిండునీ కిటికీనీ తిట్టాను. నీది ఒక్కరోజులో పట్టుకుంది, నాది రెండేళ్ళు పట్టింది. అంతే తేడా.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ముందు నవ్వింది, తరవాత కళ్ళ డాక్టరు దగ్గరికి పంపింది. కళ్ళజోడు పెట్టుకుని పదేళ్ళయింది, ఒక్కసారి కూడా నంబరు చూపించలేదు. చూపిస్తే ఇక చాలించండి అంటారని భయం. ఎవరూ అలా అనలేదు. కొత్త అద్దాలు పెట్టుకుని అద్దాలషాపులోనే సూది తీశాను. ఏడు అంకెలకి ఎక్కింది.

ఇక విను. పదకొండో తారీఖు బయల్దేరి వస్తున్నాను. శాలువా అయిపోయింది, దుకాణంలో సెలవు చెప్పాను. ఆ సున్నం కొట్టేవాణ్ణి ఆపమని హెడ్ నర్సుకి చెప్పు. నాకు బొమ్మ వెయ్యడం రాదు. కానీ నాలుగు మంచాల చిరుగు చుట్టూ ఇరవై మంచాల మంచి బట్ట ఉంది. ఇంతకన్నా తక్కువ ఆధారంతో ఎన్నో నేశాను. ఒక్కటే షరతు, నీ బ్రష్‌లు కడగొద్దు, రంగు డబ్బాలు పారెయ్యొద్దు. ఆ సాయంత్రం వేసిన రంగులే నాకు కావాలి, కొత్త డబ్బా ఒక్కటి తెరిచినా నేను వెనక్కి వెళ్ళిపోతాను. నా మెడకి పైకి చూడటం మంచిదేనట, కాస్త కాస్తగా. ముప్పై నాలుగేళ్ళుగా ఒళ్ళోకే చూశాను కదా.

అక్క

*

మార్చి 23

పిచ్చుకకు,

క్షేమంగా ఇల్లు చేరాను. బస్సు దిగి వీధిలో నడుస్తుంటే ఇళ్ళ పైభాగాలు చూసుకుంటూ వచ్చాను. ఈ వీధిలో పై అంతస్తుల్లో ఇన్ని పూలకుండీలు ఉన్నాయని నాకిప్పటిదాకా తెలియదు. ఒక సైకిలాయన తిట్టాడు.

ఇక్కడ అందరూ ఎలా వేశారు, ఎలా వేశారు అని అడుగుతుంటే, బార్బరు కుర్చీలో కూర్చుని అంటున్నాను. ఎవరూ నమ్మరు. ఆ కుర్చీని పరంజా మీదికి లాగిన రోజు ఆయన మొహం చూశావా, పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు పెట్టాడు. అది వెనక్కి వాలబట్టి, తల ఆనుకోవడానికి దన్ను ఉండబట్టి నేను పది రోజులు పని చెయ్యగలిగాను. ఇదే ఉపాయం ముందే తోచుంటే నీ మెడ నిలిచేదని ఫిజియో అమ్మాయి అంది. ప్రతి కాసేపటికీ ఆ పిల్ల కింద నుంచి ఆపండి అనడం, నేను తల దించి అటూ ఇటూ తిప్పడం, ఆయన మీసాల్లోంచి ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టడం, నువ్వు మంచం మీద నుంచి ఎరుపు తగ్గించు, ఇంకాస్త, ఇంకాస్త అనడం, అన్నీ ఇప్పుడు కలలో జరిగినట్టున్నాయి. సన్న బ్రష్‌తో పోగు మీద పోగు, నిలువుగా ఒకటి, దాని మీద అడ్డంగా ఒకటి. నీకది చూస్తే నవ్వొచ్చింది. ఆకాశాన్ని మగ్గం మీద వేశావేంటక్కా అన్నావు.

మంచాలు వచ్చే రోజుకి ఉండమన్నావు. ఉండలేకపోయాను, భయమేసింది. నీ పని పాడు చేశానేమోనని ఇప్పటికీ భయంగానే ఉంది. నువ్వు బాగుందనే అన్నావు. నువ్వు నా తమ్ముడివి, ఎలాగూ అంటావు. అక్కడ పడుకునే ఆ నలుగురూ ఏమంటారో చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి. చిరుగు కనబడింది అంటే అదే రాయి.

అక్క

*

ఏప్రిల్ 19

అక్కకు,

ఆలస్యానికి తిట్టకు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కదా, ఉన్నది తేలేదాకా ఆగాను.

నా మెడ ముప్పావు వంతు తిరుగుతోంది. మంచాలు అనుకున్న రోజే వచ్చాయి. అంతకు ముందు రోజు నా మంచాన్ని ఆ చివరికి జరిపించుకుని, ఒక పూటంతా దాని మీద పడుకుని, నీ నేత ఎక్కడ మొదలైందో వెతికాను. రంగు కలిపింది నేను, దగ్గరుండి చూసింది నేను, అయినా నాకు దొరకలేదక్కా. ఇటు వెతికాను, అటు వెతికాను. ఫిజియో అమ్మాయి వచ్చి చప్పుడు చెయ్యకుండా నిలబడి చూసి, మీ మెడ ఇవాళ ఇంత దూరం ఎలా తిరిగింది అని అడిగింది. నేను గమనించనే లేదు. ఆ పిల్ల కప్పు వైపు చూసింది, నా వైపు చూసింది, ఏదో తోచినట్టు వెళ్ళిపోయింది.

ఈ వార్డులో ఆ పిల్లకి ఉన్న పెద్ద కష్టం ఏమిటో తెలుసా? పట్టీ తీసేశాక కూడా జనం మెడ తిప్పరు. తిప్పితే ఏమవుతుందోనని భయం. తిప్పండి అంటే తిప్పుతారు, ఆ పిల్ల అటు వెళ్ళగానే మళ్ళీ బిగుసుకుపోతారు. ఇప్పుడు తిప్పండి అనడం మానేసింది. ఈ కప్పు మీద ఎక్కడో ఒక అతుకుందండీ, వేసినాయనకే దొరకలేదు, మీకేమైనా కనబడుతుందేమో మెల్లగా చూడండి అంటోంది. ఇంక చూసుకో. వార్డంతా వెతుకులాటే. ఒక తాపీ మేస్త్రీ దొరికింది దొరికింది అని గోల చేసి చూపించాడు. చూస్తే అది నీది కాదు, నేను మొదటి వారంలో చేసిన తప్పు. నాకు తల కొట్టేసినట్టయింది.

నీ నాలుగు మంచాల సంగతి. రెండింట్లో ఉన్నవాళ్ళు ఇంకా పట్టీల్లోనే ఉన్నారు, వాళ్ళకి సాయంత్రం బాగుందట, నిద్ర పడుతోందట. మిగతా రెండింట్లో ఇద్దరు ఆడవాళ్ళు, పట్టీలు ఈ మధ్యే తీశారు. ఒకావిడ లెక్కల టీచరుగా చేసి మానేసినావిడ, మెట్ల మీద నుంచి పడింది. రెండో ఆవిడ బస్సు డ్రైవరు. ఇద్దరూ ఒకే రోజు వచ్చారు. మూడు వారాలుగా పక్కపక్కనే వెల్లకిలా పడుకుని, కప్పుకేసి చూస్తూ పొద్దస్తమానం మాట్లాడుకుంటారు. ఒకరి ఇంటి సంగతులు ఒకరికి తెలుసు, ఎవరికి ఏ మందు చేదో తెలుసు. మొహాలు మాత్రం తెలియవు. డ్రైవరు గొంతు బొంగురు, టీచరు గొంతు ఎప్పుడూ కసురుతున్నట్టే ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం నేను ఆ చివర కిటికీ చట్రానికి రంగు వేస్తున్నాను. టీచరుగారు నీ అతుకు వెతుకుతోంది. కప్పు మధ్యలో మొదలుపెట్టి, సాయంత్రం వెంబడి, పోగు పోగునా పక్కకి వచ్చింది. కప్పు అయిపోయింది, గోడ వచ్చింది, చూపు గోడ వెంబడి కిందికి దిగింది. అప్పుడు పక్క మంచం వచ్చింది. ఆ డ్రైవరు పిల్ల కూడా అటు నుంచి వెతుక్కుంటూ వచ్చి ఇటే చూస్తోంది. నా చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"నువ్వా? నా ఈడుదానివనుకున్నానే. ఇంత చిన్నపిల్లవా?" అంది టీచరుగారు.

"మీరు నవ్వుతూ కసురుతారా అండీ? నాకు తెలియలేదు," అంది ఆ పిల్ల, ఏడుస్తూ.

ఫిజియో అమ్మాయి కారిడార్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. నేను చట్రం వైపు తిరిగాను.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కాబట్టి ఇదీ రాస్తున్నాను. ఇవాళ పొద్దున్నుంచీ ఆ ఇద్దరూ మన ఆకాశం వైపు ఒక్కసారి కూడా చూడలేదక్కా.

నీ తమ్ముడు